ఒకే రోజు రెండు ఓట్లు: మన రెండు రాష్ట్రాల అనుభవం ఏం చెబుతోంది?

కృష్ణా తీరం:

లోక్‌సభకు, శాసనసభలకు ఒకేసారి జరిపే జమిలి ఎన్నికల గురించి పత్రికల్లో, సభల్లో సాగుతున్న చర్చ చాలావరకు ఖర్చు, పాలనకు అంతరాయం, సమాఖ్య స్ఫూర్తి అనే మూడు మాటల చుట్టూనే తిరుగుతున్నది. ఈ విషయంలో తెలుగువారికి అరుదైన అనుభవం ఒకటి ఉన్నా దాన్ని ఎవరూ తీసి చూపడం లేదన్న బాధతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2014 వరకు ఒకే రాష్ట్రంగా ఉన్న రెండు ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ శాసనసభకు, లోక్‌సభకు ఒకే రోజు ఓటు వేస్తున్నది. తెలంగాణ మాత్రం 2018 సెప్టెంబరులో శాసనసభ గడువుకు ముందే రద్దయినప్పటి నుంచి రెండింటికీ వేర్వేరుగా వేస్తున్నది. భాష ఒకటే, చూసే చానళ్లు చాలావరకు ఒకటే, రెండు చోట్లా నాయకుల్లో చాలామంది ఒకే పార్టీల్లో పెరిగినవారే. రెండు పద్ధతుల్లో ఓటరు తీర్పు ఎలా ఉంటుందో చూడడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దేశంలో దొరకడం కష్టం.

తెలంగాణలో 2018 డిసెంబరులో 119 స్థానాలకు 88 గెలిచిన తెరాస, నాలుగు నెలల తర్వాత లోక్‌సభ ఎన్నికల్లో 17కు 9 మాత్రమే గెలుచుకున్నది. శాసనసభలో ఒకే ఒక్క స్థానం వచ్చిన భాజపాకు 4, కాంగ్రెస్‌కు 3, మజ్లిస్‌కు 1 దక్కాయి. 2023లో కాంగ్రెస్‌కు 64, భారాసగా పేరు మార్చుకున్న తెరాసకు 39, భాజపాకు 8 స్థానాలు ఇచ్చిన ఓటర్లే 2024 మే నెలలో కాంగ్రెస్, భాజపాలకు చెరి 8 లోక్‌సభ స్థానాలు ఇచ్చి, భారాసకు ఒక్కటీ ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 175కు 151 గెలిచిన వైకాపాకు 25 లోక్‌సభ స్థానాల్లో 22 వచ్చాయి. 2024లో 164 గెలిచిన తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికి 21 వచ్చాయి. రెండుసార్లూ లోక్‌సభ ఫలితం శాసనసభ ఫలితం వెనుక నీడలా నడిచింది.

జమిలిని వ్యతిరేకించేవారు సాధారణంగా చెప్పే మాట ఏమిటంటే, జాతీయ పార్టీల హోరులో రాష్ట్ర సమస్యలు కొట్టుకుపోతాయని. మన నేలపై జరిగినది దానికి సరిగ్గా తలకిందులుగా ఉంది. ఇక్కడ రాష్ట్ర రాజకీయమే లోక్‌సభ ఎన్నికను మింగేస్తున్నది. 1989లో బోఫోర్స్ శతఘ్నుల కొనుగోలు ముడుపుల వ్యవహారం మీద దేశం తీర్పు చెప్పి కాంగ్రెస్‌ను దించింది. మనం ఆ రోజే రాష్ట్రంలోని ఎన్టీ రామారావు గారి తెలుగుదేశం ప్రభుత్వం మీద తీర్పు చెప్పి, అదే కాంగ్రెస్‌కు 42లో 39 లోక్‌సభ స్థానాలు ఇచ్చాం. దేశంలో ఓడిన పార్టీని మనం ఎందుకు ఎన్నుకున్నామని అడిగితే, ఢిల్లీ గురించి చెప్పడానికి మన దగ్గర సమాధానం లేదు. 1999 నుంచి 2024 వరకు ఆరు ఎన్నికల్లో మా జిల్లాలో లోక్‌సభ అభ్యర్థి ప్రచార రథం మీద ముఖ్యమంత్రి అభ్యర్థి పక్కన నిలబడి చేతులు జోడించడమే ఎక్కువగా చూశాను. నేను డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధిస్తాను. పార్లమెంటు సభ్యుడి పని ఏమిటో ఒక్క ప్రచార సభలోనైనా విన్నారా అని తరగతిలో అడిగితే లేచిన చేతులు రెండో మూడో.

కాబట్టి ఒకే రోజు రెండు ఓట్లు వేయడం వల్ల మనం పోగొట్టుకుంటున్నది లోక్‌సభ ఓటునే అని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

పాలమూరు వకీలు:

కృష్ణా తీరం గారూ, మంచి పోలిక తెచ్చారు. దానికి ముందు, ప్రస్తుతం పార్లమెంటు ముందున్న బిల్లులో ఏముందో స్పష్టం చేసుకోవడం అవసరం. ఎందుకంటే ‘జమిలి’ అన్న ఒక్క మాట కింద చాలామంది చాలా రకాలుగా ఊహించుకుంటున్నారు.

జమిలి ఎన్నికలపై కేంద్రం నియమించిన మాజీ రాష్ట్రపతి రాంనాథ్ కోవింద్ గారి కమిటీ 2023 సెప్టెంబరులో ఏర్పడి, 2024 మార్చి 14న రాష్ట్రపతికి 18,626 పేజీల నివేదిక ఇచ్చింది. అభిప్రాయం చెప్పిన 47 పార్టీల్లో 32 సమర్థించాయి, 15 వ్యతిరేకించాయి. మన తెలుగుదేశం, వైకాపా, భారాస మూడూ ఆ కమిటీకి అభిప్రాయమే పంపలేదు. అప్పటికి పాతికేళ్లుగా ఈ పద్ధతిలో గెలుస్తూ ఓడుతూ వచ్చిన పార్టీలు నోరు విప్పకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. తర్వాత తెలుగుదేశం బిల్లుకు మద్దతు తెలిపింది. 2024 డిసెంబరు 17న లోక్‌సభలో 129వ రాజ్యాంగ సవరణ బిల్లు ప్రవేశపెట్టినప్పుడు 269 మంది అనుకూలంగా, 198 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు. ఆమోదించడానికి హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి. ఆ తర్వాత అది సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది.

బిల్లు రాజ్యాంగంలో 82ఏ అనే కొత్త అధికరణం చేరుస్తుంది. సార్వత్రిక ఎన్నికల తర్వాత లోక్‌సభ మొదటిసారి సమావేశమైన రోజున రాష్ట్రపతి ఒక ‘నియమిత తేదీ’ని ప్రకటించవచ్చు. ఆ తేదీ తర్వాత ఎన్నికైన శాసనసభలన్నీ, తమ అయిదేళ్లు నిండినా నిండకపోయినా, ఆ లోక్‌సభ గడువుతోపాటే ముగుస్తాయి. మధ్యలో ఏ సభ అయినా రద్దయితే కొత్త ఎన్నిక మిగిలిన కాలానికి మాత్రమే.

ఇప్పుడు దీన్ని తెలంగాణకు వర్తింపజేసి చూడండి. 2029 ఎన్నికల తర్వాత నియమిత తేదీ ప్రకటించారనుకుందాం. ప్రస్తుత శాసనసభ 2023 డిసెంబరులో కొలువుదీరింది గనుక తర్వాతి సభ 2028 చివర వస్తుంది. అది నియమిత తేదీకి ముందే ఎన్నికైనది కాబట్టి 2033 చివరి వరకు ఉంటుంది. ఆ పైన ఎన్నికయ్యే సభ ఆయుష్షు 2034 మధ్యలో లోక్‌సభ గడువుతోపాటు తీరిపోతుంది. అంటే తెలంగాణ ప్రజలు దాదాపు ఆరు నెలల కోసం ఒక శాసనసభను ఎన్నుకోవాలి, లేదా ఏదో ఒక దారిలో ఆ ఎన్నికను వాయిదా వేయాలి. ఏదైనా శాసనసభ ఎన్నికను లోక్‌సభతోపాటు జరపలేమని ఎన్నికల సంఘం భావిస్తే వాయిదాకు రాష్ట్రపతికి సిఫారసు చేసే వెసులుబాటు కూడా బిల్లులో ఉంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 జూన్ నుంచి 2029 జూన్ వరకు లోక్‌సభతో కలిసే నడుస్తుంది కనుక అక్కడివారికి ఈ బిల్లు తాకిడి తెలియదు. మాకు మాత్రం నేరుగా తగులుతుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

నమస్కారం. నేను గోదావరి జిల్లాల్లో ముప్పై ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి, అయిదు సార్వత్రిక ఎన్నికల్లో పోలింగ్ విధులు నిర్వహించాను, వాటిలో మూడింట ప్రిసైడింగ్ అధికారిగా ఉన్నాను. క్షమించాలి, కృష్ణా తీరం గారు చెప్పిన లెక్కలు సరైనవే గాని, వాటి నుంచి ఓటరుకు రెండు ఓట్ల తేడా తెలియదన్న అర్థం తీస్తే అది అన్యాయం.

పోలింగ్ గదిలో లోక్‌సభకు తెల్ల బ్యాలెట్ పత్రం అతికించిన యంత్రం, శాసనసభకు గులాబి రంగు పత్రం అతికించిన యంత్రం, రెండింటికీ రెండు అరలు ఉంటాయి. తెల్లవారకముందే రెండింటికీ నమూనా పోలింగ్ జరిపి, ఏజెంట్లకు చూపి, సీలు వేసి ఏడు గంటలకు సిద్ధం కావాలి. సిబ్బంది పెరుగుతారు, కాగితాలు రెట్టింపవుతాయి, వరుస నెమ్మదిగా కదులుతుంది. 2019 ఏప్రిల్ 11న మన రాష్ట్రంలో యంత్రాల మొరాయింపు వల్ల కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటేదాకా ఓటింగ్ సాగింది. ఆ రాత్రి లాంతరు వెలుగులో కూర్చున్న ముసలివాళ్లు ఇంటికి పోకుండా వరుసలో నిలిచి ఉండడం నేను కళ్లారా చూశాను. అలాంటి ఒక ఎన్నికలో ఒక పెద్దావిడ లోపలికి వచ్చి ‘బాబూ, ఢిల్లీది ఏది, మనది ఏది?’ అని అడిగింది. రంగు చెప్పాను. ఆమె మొదటి అరలో నిమిషానికి పైగా నిలబడి, రెండో అరలో క్షణంలో వేసి వచ్చింది. ఎవరికి వేసిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కాని రెండూ వేరని ఆమెకు తెలుసు.

ఇక లెక్క. 2019లో మీ విజయవాడ లోక్‌సభ స్థానం సంగతే తీసుకోండి. దాని పరిధిలో ఏడు శాసనసభ స్థానాలుంటే వైకాపా ఆరు గెలిచింది, తెలుగుదేశానికి విజయవాడ తూర్పు ఒక్కటే వచ్చింది. అయినా పార్లమెంటు సభ్యుడిగా తెలుగుదేశం అభ్యర్థే గెలిచారు. గుంటూరులోనూ అంతే, ఏడింట్లో ఆరు వైకాపావి, లోక్‌సభ మాత్రం తెలుగుదేశానిది. శ్రీకాకుళంలో అయిదు రెండుగా చీలినా లోక్‌సభ ఫలితం అదే. ఒకే గదిలో, ఒకే నిమిషంలో, వేలాదిమంది రెండు పార్టీలకు ఓటు వేయకపోతే ఈ ఫలితాలు రావు. ఒడిశాలో కూడా 2019లో ఒకే రోజు ఓటు వేసి, శాసనసభలో బిజూ జనతాదళ్‌కు నూటికి పైగా, భాజపాకు 23 స్థానాలు ఇచ్చినవారు లోక్‌సభలో భాజపాకు 8 ఇచ్చారు.

చరిత్ర పుట:

చర్చలో పాత రోజుల ప్రస్తావన వస్తే అందరూ ‘1952, 1957, 1962, 1967 నాలుగుసార్లూ దేశమంతా ఒకేసారి ఎన్నికలు జరిగాయి’ అని రాస్తారు. కాని 1957లో మన రాష్ట్రంలోనే అలా జరగలేదు.

ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొత్త సభ అప్పటికి రెండేళ్లు కూడా నిండనిది కాబట్టి, 1957లో లోక్‌సభకు రాష్ట్రమంతటా ఓటు వేసినా శాసనసభకు తెలంగాణ ప్రాంతంలోని 105 స్థానాలకే ఎన్నిక జరిగింది. ఆంధ్ర ప్రాంతం నుంచి 1955లో ఎన్నికైన 196 మంది 1962 వరకు కొనసాగారు. ఒకే శాసనసభలో కూర్చున్నవారిలో కొందరి వెనుక ఏడేళ్ల పదవీకాలం, మరికొందరి వెనుక అయిదేళ్లది. ఆ రోజుల్లో రాష్ట్రమంతటా రెండు ఎన్నికలూ నిజంగా కలిసి జరిగినవి 1962, 1967 మాత్రమే. ఆ కలయికను చెడగొట్టినది కూడా రాష్ట్రం కాదు. 1970 డిసెంబరులో లోక్‌సభను ఏడాది ముందుగా రద్దు చేసి, 1971లో ఎన్నికలకు వెళ్లింది ఢిల్లీ.

ఆ 1971 ఎన్నిక కృష్ణా తీరం గారి వాదనకు బలమైన ఆధారం. దేశమంతటా ఇందిరా గాంధీ గారి గాలి వీచి కాంగ్రెస్‌కు 352 స్థానాలు వచ్చిన ఆ సారి, తెలంగాణలోని 14లో 10 స్థానాలను తెలంగాణ ప్రజా సమితి గెలుచుకున్నది. శాసనసభ ఎన్నిక అప్పుడు లేదు. స్థానిక నాయకుడి పనితీరు, ఊరి రోడ్డు, కులపు పెద్ద మాట వంటివేవీ అడ్డు రాకుండా, 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పిల్లలను పోగొట్టుకున్న ప్రాంతం ఢిల్లీకి ఒకే మాట చెప్పగలిగింది. కొన్ని నెలలకే ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోవడం, 1972లో శాసనసభ మళ్లీ కాంగ్రెస్ చేతికి రావడం తర్వాతి కథ.

అయితే 1984 కూడా గుర్తుంచుకోవాలి. ఇందిరా గాంధీ గారి హత్య తర్వాత కాంగ్రెస్ నాలుగు వందల స్థానాలు దాటిన డిసెంబరులో మన రాష్ట్రం తెలుగుదేశానికి 30 లోక్‌సభ స్థానాలు ఇచ్చింది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షం కావడం అదే మొదలు. మూడు నెలలకే, 1985 మార్చిలో, శాసనసభలో 202 స్థానాలు ఇచ్చింది. వేరువేరుగా వేసినా ఒకే మాట చెప్పిన సందర్భం అది. అంతకుముందు ఆగస్టులో రామారావు గారి ప్రభుత్వాన్ని గవర్నర్ ద్వారా పడగొట్టి, నెల రోజులకే మళ్లీ నిలబెట్టాల్సి వచ్చిన అవమానం జనం మనసులో పచ్చిగా ఉంది. కాబట్టి తేదీలు ఒక్కటే అంతా నిర్ణయించవు.

కూకట్‌పల్లి ప్రయాణికుడు:

నా ఓటు ప్రకాశం జిల్లాలోని మా ఊళ్లో ఉంది, ఉద్యోగం హైదరాబాద్‌లో. 2024 మే 13న నాలాంటివారితో విజయవాడ రహదారి ఎలా నిండిపోయిందో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. టోల్ గేట్ల దగ్గర గంటల తరబడి ఆగాం, బస్సు దొరకనివారు కార్లు పంచుకుని వెళ్లారు. ఆ ప్రయాణం అయిదేళ్లకు ఒకసారి గనుక చేస్తున్నాం. లోక్‌సభకు ఒకసారి, శాసనసభకు మరోసారి రమ్మంటే ఎందరు వెళ్తారో నిజాయితీగా ఆలోచించండి. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81 శాతం దాటింది. అదే రోజు తెలంగాణలో లోక్‌సభకు మాత్రమే ఓటు వేస్తే 66 శాతం దగ్గర ఆగింది; ఆరు నెలల ముందు శాసనసభకు 71 శాతం వేసినవారే. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా రాలేదు. వేరుగా జరిగే లోక్‌సభ ఎన్నికకు నాణ్యమైన తీర్పు వస్తుందంటున్నారు, మంచిదే. ఆ తీర్పు ఎంతమందిది అన్నది కూడా లెక్కలోకి రావాలి.

రెండో విషయం పాలన. తెలంగాణలో 2023 అక్టోబరు 9న ఎన్నికల ప్రవర్తనా నియమావళి, అంటే కోడ్, వచ్చి డిసెంబరు దాకా ఉంది. కొత్త ప్రభుత్వం వచ్చిన వంద రోజులకే, 2024 మార్చి 16న, మళ్లీ కోడ్ వచ్చి జూన్ మొదటి వారం దాకా ఉంది. ఎనిమిది నెలల్లో దాదాపు నాలుగున్నర నెలలు ఏ కొత్త పథకమూ మొదలుపెట్టడానికి లేదు. మా అపార్ట్‌మెంట్ కాపలాదారు కుటుంబం రేషన్ కార్డు కోసం పెట్టుకున్న దరఖాస్తు ఆ నెలల్లో కదలలేదు. సిద్ధాంతం మాట్లాడేటప్పుడు అలాంటివారిని మరచిపోవద్దని నా మనవి.

పాలమూరు వకీలు:

ప్రయాణికుడు గారు చెప్పిన రెండో విషయానికి సమాధానం జమిలిలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఎన్నికలూ ఒకే రోజు జరిగినా 2024లో కోడ్ అదే మార్చి 16 నుంచి జూన్ మొదటి వారం వరకు, దాదాపు పన్నెండు వారాలు ఉంది. 2019లో ఆంధ్రులు ఏప్రిల్ 11న ఓటు వేసి, మే 23న లెక్కింపు కోసం ఆరు వారాలు ఎదురు చూశారు. కారణం దేశమంతటా పోలింగ్‌ను ఏడు విడతలుగా సాగదీయడం. 2024లో మొదటి విడత ఏప్రిల్ 19, చివరి విడత జూన్ 1. విడతలు తగ్గించి, ఓటు పడిన రాష్ట్రంలో కోడ్ సడలించే ఏర్పాటు చేస్తే, రాజ్యాంగాన్ని ముట్టుకోకుండానే మీ కాపలాదారు దరఖాస్తు కదులుతుంది.

ఖర్చు విషయం ఎవరూ ఎత్తలేదు గాని ఒక్క మాట. లోక్‌సభ ఎన్నిక ఖర్చు కేంద్రానిది, శాసనసభ ఎన్నిక ఖర్చు రాష్ట్రానిది, కలిసి జరిగితే చెరి సగం. ప్రభుత్వ ఖజానాకు కొంత ఆదా అవుతుందనడం నిజమే. కాని మన రెండు రాష్ట్రాల్లో ఎన్నికల అసలు ఖర్చు ఏమిటో, అది ఎవరి జేబు నుంచి ఎవరి చేతికి పోతుందో గ్రామాల్లో ఉన్నవారికి చెప్పనవసరం లేదు. ఆ డబ్బు ఒకే రోజు పడినంత మాత్రాన తగ్గుతుందని నేను నమ్మను.

అంకాపూర్ పసుపు:

మాది ఆర్మూర్ దగ్గర పసుపు పండించే కుటుంబం. చదువుకున్నవారు ఇంత చక్కగా రాస్తున్న చోట మా నిజామాబాద్ సంగతి ఎవరూ ఎత్తకపోవడం చూసి రాస్తున్నాను.

2018 డిసెంబరులో నిజామాబాద్ లోక్‌సభ పరిధిలోని ఏడు శాసనసభ స్థానాలనూ తెరాసే గెలిచింది. మా ఇంట్లో కూడా ఆ ఓటే పడింది. రైతుబంధు వచ్చింది, కరెంటు ఆగకుండా వచ్చింది, వేయకపోవడానికి మాకు కారణం కనిపించలేదు. కాని పసుపు ధర క్వింటాలుకు మా పెట్టుబడి కూడా రాని స్థితికి పడిపోయింది. ఎర్రజొన్నల పరిస్థితీ అదే. 2019 ఫిబ్రవరిలో రైతులు రోడ్ల మీద కూర్చున్నారు. పసుపు బోర్డు అనేది రాష్ట్రం ఇవ్వగలిగేది కాదు, కేంద్రం ఇవ్వాలి. లోక్‌సభ ఎన్నిక ఒక్కటే ఉంది గనుక ఊరూరా కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం. నూటడెబ్బైకి పైగా రైతులు నామినేషన్లు వేశారు, మా చిన్నాన్న కూడా వేశాడు. ధరావతు సొమ్మును గ్రామస్థులు చందాలు వేసి కట్టారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. మా నాయనమ్మ ఆ గదిలోకి వెళ్లి, తన కొడుకు గుర్తు వెతుక్కోవడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెబుతుంటుంది.

మేం గెలవలేదు, గెలుస్తామని అనుకోనూ లేదు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన భాజపా అభ్యర్థి గెలిచారు, ముఖ్యమంత్రి కుమార్తె ఓడారు. నాలుగు నెలల కింద ఏడు స్థానాలూ ఇచ్చిన జనమే ఈ పని చేశారు. బోర్డు వెంటనే రాలేదు. 2023 అక్టోబరులో పాలమూరు సభలో ప్రధాని ప్రకటించారు, 2025 సంక్రాంతి రోజున మొదలైంది. దానివల్ల ధర నిలబడుతుందా అన్నది మేం ఇంకా చూడాలి. నేను చెప్పేది ఒక్కటే. ఆ రెండు ఎన్నికలూ ఒకే రోజు జరిగి ఉంటే మా పసుపు సంగతి ఏ సభలోనూ వినిపించేది కాదు. రైతుబంధు, పింఛను, ఎమ్మెల్యే అభ్యర్థి పంచాయితీల కింద అది కొట్టుకుపోయేది.

డల్లాస్ నుంచి:

ఇక్కడి అనుభవం ఒకటి పంచుకుంటాను. నేను ఓటు వేసే టెక్సాస్ రాష్ట్రంలో గవర్నర్ ఎన్నికను అధ్యక్ష ఎన్నిక లేని సంవత్సరంలో పెడతారు. వర్జీనియా, న్యూజెర్సీ మరో అడుగు ముందుకు వేసి బేసి సంవత్సరాల్లో జరుపుకుంటాయి. అధ్యక్ష ఎన్నిక నీడ రాష్ట్రం మీద పడకుండా ఉండే వీలు దీనివల్ల కలుగుతుంది. టెక్సాస్‌లో ఒకప్పుడు ఒకే మీటతో ఒక పార్టీ అభ్యర్థులందరికీ ఓటు వేసే సౌకర్యం ఉండేది. 2020 నుంచి దాన్ని తీసివేశారు, ఇప్పుడు ప్రతి పదవికీ విడిగా చూసి వేయాలి. అయితే ఇక్కడ గవర్నరుకూ, కాంగ్రెస్ అని పిలిచే ఇక్కడి పార్లమెంటుకూ గడువు స్థిరమైనది, అవిశ్వాస తీర్మానంతో మధ్యలో ప్రభుత్వం పడిపోదు. మనది సభ విశ్వాసం మీద నిలిచే వ్యవస్థ. అందుచేత ఇక్కడి తేదీల క్రమశిక్షణను అక్కడికి యథాతథంగా తీసుకుపోవడం కుదరదని వకీలు గారి లెక్క చదివాక నాకు మరింత స్పష్టమైంది.

కృష్ణా తీరం:

అంకాపూర్ గారూ, మీ లేఖ చదివాక నేను మొదట రాసినదాన్ని మరోసారి చూసుకున్నాను. నేను సంఖ్యలతో చెప్పబోయినదాన్ని మీరు ఇంటి అనుభవంతో చెప్పారు. మీ నాయనమ్మ గారికి నా నమస్కారాలు.

ఉపాధ్యాయుడు గారు మా విజయవాడ ఉదాహరణ చూపడం న్యాయమే, నేను దాన్ని దాటవేయకూడదు. ఓటరుకు తేడా తెలియదని నేను అనుకోవడం లేదు. తెలిసిన ఆ తేడాను ఉపయోగించుకునే అవకాశం ప్రచారంలో ఇవ్వడం లేదన్నదే నా ఫిర్యాదు. 2019లో విజయవాడ, గుంటూరు, శ్రీకాకుళం మూడింటిలోనూ మెజారిటీ పది వేల లోపే, మూడు చోట్లా గెలిచినవారు అప్పటికే సిట్టింగ్ సభ్యులు, నియోజకవర్గంలో సొంత పేరు సంపాదించుకున్నవారు. అంటే అభ్యర్థి మనిషిగా తెలిసినప్పుడు ఓటరు వేరుగా వేశాడు. మిగిలిన 22 చోట్ల అభ్యర్థి పేరు కూడా సరిగా చేరలేదేమో. ఈ ‘ఏమో’ను తేల్చాలి. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం మన శాసనసభ స్థానాలు 175 నుంచి 225కు, తెలంగాణలో 119 నుంచి 153కు పెరగాల్సిన విషయం, పోలవరం నిర్వాసితుల పరిహారం, విశాఖ ఉక్కు వంటివి పార్లమెంటులో తేలవలసిన సంగతులు. వీటి మీద లోక్‌సభ అభ్యర్థిని ప్రత్యేకంగా నిలదీసే రోజు ఆంధ్రప్రదేశ్ ఓటరుకు అయిదేళ్లలో ఒక్కటీ లేదు.

ప్రయాణికుడు గారి పోలింగ్ శాతం వాదనకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. విడిగా జరిగే లోక్‌సభ ఎన్నికలో పట్టణాల ఓటు పడిపోవడం నిజం, అది నా వాదనకున్న బలహీనత. మీరు చెప్పిన రహదారి ప్రయాణాన్ని రెండుసార్లు చేయమని అడగడం తేలిక కాదు.

చరిత్ర పుట:

చర్చ మరో మెట్టు ఎక్కాలంటే కొలిచి చూడడం మేలు. ఎన్నికల తర్వాత ప్రతి నియోజకవర్గానికీ ఫారం 20 అనే తుది ఫలితాల పత్రం ఉంటుంది. పోలింగ్ కేంద్రం వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. ఒకే పోలింగ్ కేంద్రంలో శాసనసభకు ఒక పార్టీకి పడిన ఓట్లు, లోక్‌సభకు అదే పార్టీకి పడినవి పక్కపక్కన పెడితే, ఎన్ని ఓట్లు దారి మార్చుకున్నాయో కనీస సంఖ్య తెలుస్తుంది. అటూ ఇటూ మారినవి ఒకదానికొకటి సరిపోయి కనబడకుండా పోతాయి గనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. తెలంగాణకు 2018 డిసెంబరు, 2019 ఏప్రిల్ పత్రాలతో ఇదే చేయవచ్చు. నడుమ చేరిన కొత్త ఓటర్లను, రాని ఓటర్లను గుర్తులో పెట్టుకుంటే చాలు.

కృష్ణా తీరం:

తప్పకుండా చేద్దాం. విజయవాడ, గుంటూరు లోక్‌సభ స్థానాల పరిధిలోని పద్నాలుగు శాసనసభ స్థానాలను 2019, 2024 రెండింటికీ నేను, మా విద్యార్థులు కలిసి చూస్తాం. వేసవి సెలవుల్లోగా పట్టికలు ఇక్కడ పెడతాం.

అంకాపూర్ పసుపు:

మా ఏడు స్థానాలు నాకు వదిలేయండి. ఊళ్ల పేర్లు, పోలింగ్ కేంద్రాలు నాకు తెలుసు. పసుపు ఎక్కువగా పండే ఊళ్లలో ఒక రకంగా, బోధన్ వైపు వరి ఊళ్లలో ఇంకో రకంగా పడిందా అన్నది కూడా చూసి రాస్తాను.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

ఏలూరు, నరసాపురం నాకు రాయండి. కళ్లద్దాలు మార్పించుకోవాలి, పదిహేను రోజులు గడువివ్వండి. నేను విధులు చేసిన కేంద్రాల లెక్క మాత్రం అందరికన్నా ముందు నేనే చూసుకుంటాను. ఆ పెద్దావిడ ఓటు వేసిన కేంద్రం కూడా అందులో ఉంది.